ఆమె మాటలు మరిచిపోలేదు

ఇది రాయడానికి కారణం ఒకే ఒక్క వాక్యం.

యాప్రాల్ అవతల ఒక కాలనీ ఉంది. అక్కడివాళ్లు ఏటా నాటిక పోటీలు జరుపుతారు. పోటీలు ముగిశాక నున్నటి కాగితం మీద రంగు ఫొటోలతో ఒక సంచిక వేస్తారు. కిందటి సంచిక చివర్లో, సన్మానాల ఫొటోలన్నీ అయిపోయాక, చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: షామీర్‌పేట మహిళ రాసి నటించిన నాటిక, ప్రధాన పాత్రధారిణి సంభాషణలు మరిచిపోయినందువల్ల అర్ధాంతరంగా ముగిసింది.

ఇది అబద్ధం. ఆమె మాటలు మరిచిపోలేదు. నాటిక అర్ధాంతరంగా ముగియలేదు, ముగియాల్సిన చోటే ముగిసింది. ఈ సంగతి నాకు తెలిసినంత ఖాయంగా ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని, నటులకు మాటలు అందించడానికి నిలబడ్డ ప్రాంప్టర్ని నేనే. తప్పు చేసిందీ నేనే.

సవరణ వేయమని ఉత్తరం రాశాను. జవాబు లేదు. వెళ్లి అడిగితే, "చిన్న విషయం కదండీ, దానికి అంత ఆవేశం ఎందుకండీ" అన్నారు. ఆ సంచిక ప్రతి ఒకటి మేడ్చల్ గ్రంథాలయంలో చేరింది. అచ్చులో ఉన్నదంతా నిజమని నమ్మి పెరిగినవాణ్ని నేను. నాలాంటివాడే ఇంకొకడు పదేళ్ల తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చుని ఆ వాక్యం చదువుతాడు, నమ్ముతాడు. అందుకే అదే బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. ఆమె భర్త పని చేసే కంపెనీలో ఈ సంగతి తెలియకూడదు. పేరు రాస్తే మనిషి దొరికిపోతాడు.

నేను స్కూలు వ్యాను నడుపుతాను. పొద్దున షామీర్‌పేట చుట్టుపక్కల పిల్లల్ని ఎక్కించుకుని మేడ్చల్‌లో బడి దగ్గర దించితే, మళ్లీ మూడున్నర దాకా నాకు పని ఉండదు. మిగతా డ్రైవర్లు బడి గోడ నీడలో పేకాట ఆడతారు, లేదంటే సీటు వాల్చి పడుకుంటారు. నేను గ్రంథాలయానికి పోతాను. పన్నెండేళ్లుగా పోతున్నాను. ఏడో తరగతిలో ఆగిపోయిన చదువు నాది. మొదట పేపర్లు చదివాను, తర్వాత కథలు, ఆ తర్వాత ఎవరూ తెరవని ఒక బీరువా పట్టాను. అది నాటికల బీరువా. తలుపు బిగుసుకుపోయి ఉండేది. అటెండరు మోకాలితో ఒక్క పోటు పొడిచి తెరిచేవాడు. "తీస్కో. దీనికి నువ్వొక్కనివే గిరాకి" అనేవాడు.

ఆ బీరువా మొత్తం చదివాను. గర్వంగానే చెబుతున్నాను. నాటికకూ కథకూ తేడా ఏమిటో నాకు ఏ మాస్టారూ చెప్పలేదు, ఆ బీరువానే చెప్పింది. కథలో మనిషి మనసులో ఏముందో రాసిపెట్టడానికి రచయిత ఉంటాడు. నాటికలో ఎవరూ ఉండరు. మనిషి నోటితో అన్నది, చేత్తో చేసింది, అనబోయి మానుకున్నది, ఇవే మనకు దొరికేవి. మంచి నాటికలో మానుకున్నదే బరువుగా ఉంటుంది. ఇంత మాత్రం నా అంతట నేను తెలుసుకున్నాను.

కానీ ఆ పుస్తకాలకు ముందుమాటలు కూడా ఉండేవి. పెద్దపెద్దవాళ్లు రాసినవి. సంఘర్షణ ఇక్కడ మొదలవ్వాలి, పరాకాష్ఠ ఇక్కడ రావాలి, చివర సందేశం ఉండాలి అని. అవన్నీ నోటు పుస్తకంలో ఎక్కించుకున్నాను. నాటికల కంటే ముందుమాటలనే ఎక్కువ నమ్మాను. చదువు మధ్యలో ఆగినవాడికి ఈ జబ్బు ఉంటుంది. తన కళ్లతో చూసినదాన్ని పక్కన పెట్టి, అచ్చులో ఉన్న నియమాన్ని పట్టుకుంటాడు. నేను చేసిన పాడుపనులన్నీ అక్కడి నుంచి పుట్టాయి.

ఆ నాటిక రాసినామె కూతురు నా వ్యానులో బడికి పోతుంది. ఆమె షామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన చేపలు కోసి అమ్ముతుంది. భర్త జీడిమెట్లలో మందులు తయారుచేసే ఒక కంపెనీలో పని చేస్తాడు. ఒక పొద్దున పాపను ఎక్కించి, కిటికీలోంచి ఒక నోటు పుస్తకం నా ఒళ్లో వేసింది.

"అన్నా, నువ్వు లైబ్రరీల కూసుంటవంట గదా. గిది జర సదువు."

"ఏందిది చెల్లె?"

"నాటకం. నవ్వకు. నేనే రాసిన."

"నవ్వుతలేను."

"నవ్వుతున్నవ్. మీసం కదుల్తాంది."

కూతురు వాడి వదిలేసిన పుస్తకం అది. ముందు పేజీల్లో ఎక్కాలు, వెనక పేజీల్లో నాటకం. గ్రంథాలయంలో కూర్చుని చదివాను.

రెండే పాత్రలు. చేపలమ్మే భార్య, కంపెనీలో పని చేసే భర్త. ఆమె ఇంటికి రాగానే అతను ముక్కు మూసుకునేవాడు. "నీసు కంపు, ముందు చేతులు కడుక్కో" అని రోజూ గొడవ. ఈ మధ్య కొన్నాళ్లుగా ఆ మాట అనడం మానేశాడు. ఆమె మురిసిపోతుంది. నా మొగుడు మారిండు, నా మీద మనసు పెట్టిండు అని స్టేజీ మీద కనిపించని, గోడ అవతలి మనిషికి చెప్పుకుంటుంది. నిమ్మకాయతో చేతులు రుద్దుకోవడం కూడా మానేస్తుంది. ఒక సాయంత్రం పొయ్యి మీద వంకాయ కూర పెట్టి నీళ్లకు పోతుంది. భర్త పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని ఉంటాడు. కూర మాడుతుంది. అతను కదలడు. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి గిన్నె వైపు కూడా చూడకుండా, "కూర వాసన మంచిగొస్తాంది" అంటాడు. ఆమె ఆగిపోతుంది. పొద్దంతా చేపలు కోసి, ఇంకా కడుక్కోని చెయ్యి అతని ముఖం ముందు పెట్టి అడుగుతుంది: "కొత్త సబ్బుతోటి కడిగిన. వాసన జూడు." అతను చూసి, "మంచిగున్నది" అంటాడు.

ఆ తర్వాత మాటలు లేవు. ఆమె మాడిన కూరే ఇద్దరికీ వడ్డిస్తుంది. ఇద్దరూ తింటారు. తెర.

చదివి తల ఎత్తేసరికి మూడున్నర దాటింది. పిల్లలు బడి గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నారు. పన్నెండేళ్లలో నేను ఆలస్యం చేసింది ఆ ఒక్క రోజే. మందులు కలిపే చోట ఘాటుకి అతని ముక్కు పోయింది. అది ఆ నాటకంలో ఎక్కడా చెప్పలేదు. చెప్పకుండానే తెలిసిపోతుంది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. భర్త ముక్కు పోయిందని ఆమెకు తెలిసిన క్షణంలోనే, అతను తన మీద ప్రేమతో మారాడన్న సంతోషం కూడా పోతుంది. ఒక్క చెయ్యి చాచడంతో రెండు పోతాయి. ఆ బీరువాలో ఉన్న పుస్తకాల్లో ఇలాంటిది నేను చూడలేదు.

మర్నాడు అడిగాను. "నిజంగ జరిగిందా?"

"సగం జరిగింది. కూర మాడింది, ఆయన కూసున్నడు. చెయ్యి వాసన జూడుమని అడిగే కాడ నాకు ధైర్యం సాల్లే. గది నాటకంల రాసిన."

"ఇంట్ల సక్కగ అడగరాదు?"

"అడిగితె కస్సుమంటడు. పని పోతదని భయం ఆయనకు. ఆయన దాస్తాండు, నాకు ఎరికైందని నేను దాస్తాన్న. ఒక్క ఇంట్ల ఇద్దరు దొంగలం. స్టేజీ మీద నేను జేస్తాంటె ఆయన ఎదురుంగ కూసోని సూడాలె అన్నా. నాకు ఎరికే అని ఆయనకు ఎరికైతది. ఇద్దరికి నోరు తెరిసే పనుండదు."

ఆమెకు కావలసింది అదొక్కటే. బహుమతి కాదు, పేరు కాదు. ఆయన వచ్చి చూడాలి, చివరి నిశ్శబ్దంలో సంగతి ఆయనకు అందాలి.

నేను మొదట చేసిన పని ఏమిటంటే, పెన్సిలు తీసుకుని ఆమె మాటలన్నీ పుస్తకాల భాషలోకి దిద్దాను. అది చూసి ఆమె నవ్వింది. "గిది నా నాటకమే గాదన్నా. గీమె ఎవలో టీవీల వార్తలు సదివేటామె." సిగ్గుపడి చెరిపేశాను. అక్కడైనా బుద్ధి రావలసింది.

గ్రంథాలయం బోర్డు మీద కాలనీ పోటీల ప్రకటన కనిపించింది. నోటు పుస్తకం పట్టుకుని నేనే వెళ్లాను. కార్యదర్శి పెద్దమనిషి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకుని స్థిరపడి, ఉద్యోగం నుంచి రిటైరైనవాడు. సోఫాలో కూర్చోబెట్టాడు, కాఫీ ఇప్పించాడు. మర్యాదకు లోటు చేయలేదు. ఆ మర్యాదకే నేను లొంగిపోయాను.

"ఐడియా బాగుందండీ డ్రైవరుగారూ. కానీ ఇది ఎన్ని నిమిషాలండీ?"

"ఇరవై రెండు."

"మన రూలు నలభై కదండీ. తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా నలభై ఉండాలి. అది అలా ఉంచండి, ఇందులో సందేశం ఏదండీ? ఆవిడ అలా కూర్చుని అన్నం తినేస్తే ప్రేక్షకులు ఇంటికి ఏం పట్టుకెళ్తారండీ?"

నేను తల ఊపాను. నా నోటు పుస్తకంలో కూడా అదే ఉంది మరి.

"చివర్లో ఆ కార్మికుడితో గట్టిగా మాట్లాడించండి. చప్పట్లు కొట్టేలా ఉండాలి. ఇంకోటండీ, మధ్యలో తాగుబోతు పక్కింటాణ్ని ఒకణ్ని పెట్టండి. మీ యాస ఉంది కదా, జనం పడిపడి నవ్వుతారు."

మా అవ్వ మాట్లాడిన భాష, నేను మా పిల్లల్ని లాలించిన భాష, ఆ చేపలమ్మే మనిషి తన గుండెకాయ తీసి రాసిన భాష, ఆయనకు తాగుబోతు నోట్లో పెట్టి నవ్వుకునే వస్తువు. ఆ కాఫీ కప్పు అక్కడే పెట్టేసి నోటు పుస్తకం తీసుకుని లేచి రావలసింది. లేవలేదు. "తాగుబోతు వద్దండీ" అన్నాను. ఆ ఒక్క మాట అన్నందుకే నేనేదో వీరుణ్ననుకున్నాను. మిగతా అన్నింటికీ ఒప్పుకున్నాను.

నాలుగు పేజీలు రాశాను. భర్త నోట ఒకే ఊపులో చెప్పే ప్రసంగం. కార్మికుడు వచ్చాడు, కంపెనీ వచ్చింది, గాలి, నీరు, దేశం, రేపటి తరం, అన్నీ వచ్చాయి. వాసన ఒక్కటి రాలేదు. దాని తర్వాత భార్య ఏడుపు, ఆమెకూ ఒక పేజీ. ముందు భాగంలో గోడ అవతలి మనిషితో కబుర్లు సాగదీశాను. నలభై నిమిషాలు నిండాయి.

ఆమెకు చదివి వినిపించాను. చేపల కత్తిపీట ముందు కూర్చుని అంతా విన్నది.

"అన్నా, గింత మాట్లాడేటోడైతె ముందుగాల్నే జెప్తుండె గదా నాకు."

ఆ మాట అన్నదంటే అక్కడ నాటకం తెలిసినది ఆమే, నేను కాదు. కానీ నేను ఏమన్నానో తెలుసా? "ఇది నాటకం చెల్లె, బతుకు గాదు. దీనికి లెక్కలుంటయి" అన్నాను. పన్నెండేళ్ల చదువు నాతో అనిపించిన మాట ఇది.

"నలభై గాకుంటె రానియ్యరా?"

"రానియ్యరు."

"సరె" అంది. ఒప్పుకుందని అనుకున్నాను.

భర్త పాత్రకు మేడ్చల్‌లో టెంట్ హౌస్‌లో పని చేసే ఒకతను దొరికాడు. మంచి గొంతు, మంచి జ్ఞాపకశక్తి. నాలుగు పేజీలూ తడుముకోకుండా చెప్పేవాడు. రిహార్సల్స్‌లో ఆమె కూడా తన పేజీ పూర్తిగా చెప్పేది. ఒక్క అక్షరం తప్పేది కాదు. అందుకే అంటున్నాను, మరిచిపోయిందనడం అబద్ధమని.

పోటీ ఆదివారం మధ్యాహ్నం, కాలనీ హాల్లో. ముందు శాలువాలు. దాతకు శాలువా, దాత గారి బావమరిదికి శాలువా, న్యాయనిర్ణేతలకు శాలువా. గంటన్నర సాగింది. రూలు నలభై నిమిషాలు నాటికకే, సన్మానానికి హద్దు లేదు.

మాకంటే ముందు కోస్తా నుంచి వచ్చిన ఒక బృందం ఆడింది. న్యాయంగా చెప్పాలి, గొప్ప నాటిక అది. ఒక అపార్టుమెంటు లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది. లోపల ఒక ఫ్లాటు యజమాని, ఆ బిల్డింగు వాచ్‌మన్. వాచ్‌మన్‌కు ఆ ఇంటి సంగతులన్నీ తెలుసు. పెద్దాయన మాత్ర ఏ వేళకు వేసుకోవాలో, పాపకు ఏ వాసన పడదో, అన్నీ. యజమాని ఫోను చేసి సాయం అడుగుతాడు. "ఇద్దరం ఇరుక్కున్నామండీ. నేనూ, ఇంకా..." అని ఆగిపోతాడు. ఏడేళ్లుగా రోజూ చూస్తున్న మనిషి పేరు అతనికి తెలియదు. వాచ్‌మన్ కిందికి చూస్తాడు, చెప్పడు. ఆ రెండు మూడు క్షణాలు నా చేతిలో ఉన్న మా స్క్రిప్టు సంగతే మరిచిపోయాను.

హాలు మాత్రం మామూలుగా ఉంది. ముందు వరసలో ఒకావిడ ఫోనులో ఫొటోలు చూసుకుంటోంది. ఆ తర్వాత యజమాని మానవత్వం మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. అప్పుడు చప్పట్లు మోగాయి. ఎవరి రూలుకు లొంగి ఆ బృందం ఆ ఉపన్యాసం అతికించిందో నాకు అప్పుడు అర్థం కావలసింది. వాళ్ల నాటికకూ ఒక కార్యదర్శి ఉండే ఉంటాడు, నాలాంటి చదువరి కూడా ఒకడు ఉండే ఉంటాడు.

నాలుగు గంటలకు మా వంతు. ఆమె పట్టుబట్టి నిజం స్టవ్వు, నిజం కూర పెట్టించింది. ఎందుకో నాకు ముందు అర్థం కాలేదు. కూర మాడడం మొదలయ్యాక అర్థమైంది. వాసన స్టేజీ దిగి హాల్లోకి పోయింది. ముందు వరస వాళ్లు కర్చీఫులు తీశారు. తర్వాత వెనక వరసలు. కార్యదర్శి వెనక నుంచి పరుగున వచ్చాడు.

"ఏదో మాడుతోందండీ! చూసుకోరా?"

"నాటకమేనండీ" అన్నాను.

చూసేవాళ్ల ముక్కును కూడా నాటకంలోకి లాక్కొచ్చింది ఆమె. హాలంతా ముక్కులు మూసుకుంది. స్టేజీ మీద పీట మీద కూర్చున్న ఒక్కడే మూసుకోలేదు. తెర సందులోంచి నాకు చివరి వరస కనిపిస్తోంది. అక్కడ ఆమె భర్త కూర్చున్నాడు, పొద్దుటి షిఫ్టు దిగి అదే బట్టలతో వచ్చాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. అతనూ ముక్కు మూసుకోలేదు. కాసేపటికి అటూ ఇటూ చూశాడు. అందరూ కర్చీఫులు అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఎందుకో అతనికి తెలియలేదు. తర్వాత స్టేజీ వైపు చూశాడు. అక్కడ తన భార్య చెయ్యి చాచి ఉంది. "వాసన జూడు" అంటోంది. అతను మెల్లగా ముందుకు వంగాడు.

అందింది. ఆమె పంపింది అతనికి అందింది. నేను నా కళ్లతో చూశాను.

స్టేజీ మీద నిశ్శబ్దం. టెంట్ హౌస్ అతను ప్రసంగానికి నోరు తెరవబోయాడు. ఆమె అతని వైపు చూసి తల అడ్డంగా ఊపింది, ఈగను తోలినంత చిన్నగా. అతను నోరు మూసుకున్నాడు. అతనికి అర్థమైంది. ఆమె గిన్నె దించి వడ్డించడం మొదలుపెట్టింది.

నేనేం చేశాను? నా చేతిలో నాలుగు పేజీలున్నాయి. టైము ముప్పై దాటలేదు. మరిచిపోయారు అనుకున్నాను. కాదు, అబద్ధం ఆడకూడదు. మరిచిపోలేదని లోపల తెలుసు. అయినా అందించాను. మొదట గుసగుసగా, "నేను ఒక కార్మికుణ్ని." టెంట్ హౌస్ అతను కదలలేదు. ఇంకాస్త గట్టిగా, "నేను ఒక కార్మికుణ్ని!" పక్కనే మైకు ఉంది. నా గొంతు హాలంతా మోగింది. మూడోసారి కూడా అన్నాను.

హాలు నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. పాట పెట్టేవాడు ఏడుపు వయొలిన్ వేశాడు. ఇంకా నవ్వారు. చివరి వరసలో అతను లేచి నిలబడ్డాడు. ఆ నవ్వు దేనికో అతనికి ఏం తెలుసు? ముక్కు లేని మనిషిని చూసి నవ్వుతున్నారనుకున్నాడు. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె అది చూసింది. చూసి కూడా అన్నం ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నాటకం పూర్తి చేసింది. తెర పడింది.

సమయం చాలలేదని పోటీ నుంచి తీసేశారు. న్యాయనిర్ణేత ఒకాయన మైకు తీసుకుని, కొత్త నటి కనుక మాటలు మరిచిపోయారని, నిరుత్సాహపడకూడదని అన్నాడు. జాలితో చప్పట్లు కొట్టారు. నేను అక్కడే ఉన్నాను. మైకు లాక్కుని ఒక్క మాట చెప్పలేదు.

వెనక గదిలో లిఫ్టు నాటికలో వాచ్‌మన్ వేసిన ముసలాయన రంగు తుడుచుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"మీరేం మరిచిపోలేదమ్మా. నాకు తెలుసు. ఆ మౌనం ఎన్నాళ్లు సాధన చేశారు?"

"సాధన ఏంది సార్. ఇంట్ల రోజు గదే."

ఆయన చేతులు జోడించాడు. నేను బయటికి వచ్చేశాను.

తర్వాత చాలా రోజులు పాపను ఎక్కించడానికి ఆమె రాలేదు, పక్కింటి అవ్వ వచ్చేది. ఒక రోజు నేనే చేపల దగ్గరకు పోయాను. మాఫీ అడిగాను.

"మాఫీ ఎందుకన్నా? మా ఇంట్ల మాటలే బంద్ అయినయి. నవ్విన్రు గదా. గది తన మీదనే అనుకుంటాండు. ముందు దాస్తుండె, ఇప్పుడు సిగ్గుపడుతాండు. నేను సల్లగ జెప్పుదామనుకున్న. మీరంత గల్సి బజార్ల జెప్పిన్రు."

ఇది విని నిలబడాలంటే మనిషికి మొండితనం ఉండాలి. నిలబడ్డాను. "ఇంకోసారి ఆడుదాం చెల్లె. ఈన్నే, చేపల కాడ. రూల్స్ లెవ్వు, మైకు లేదు" అన్నాను.

చాలాసేపు చేపను రుద్దుతూనే ఉంది. "ఈసారి నీ కాయితాలు తేకు" అంది.

"తేను."

"నువ్వు సుత రాకు. వస్తె నోరు మూసుకోని కూసో."

"కూసుంట."

ఆయన నాటకానికి పిలిస్తే రాడు. అందుకని ఆదివారం చేపలు అమ్ముడయ్యాక స్టవ్వుకు సిలిండరు కావాలని కబురు పెట్టింది. బండి మీద తెచ్చాడు. దించి పోదామనుకున్నాడు. అప్పటికే నేల మీద టార్పాలిన్ పరదా పరిచారు, ఎండలో జనం చుట్టూ కూర్చున్నారు. చేపలమ్మే ఆడవాళ్లు, సంచులు పట్టుకుని ఆగిపోయిన గిరాకీలు. దారి లేక బండి పక్కనే నిలబడ్డాడు.

నాటకం మొదలైంది. ఇరవై రెండు నిమిషాలది. నీసు కంపు మాట వచ్చినప్పుడల్లా ఆడవాళ్లు విరగబడి నవ్వారు. "మా ఇంట్ల సుత గిదే లొల్లి" అని ఒకామె అరిచింది. కూర మాడడం మొదలయ్యాక ఒక అవ్వ ఆగలేకపోయింది.

"అరే, కూర మాడుతాంది! ముక్కు లేదారా నీకు?"

జనం గొల్లుమన్నారు. బండి పక్కన అతను కదలలేదు. స్టేజీ లేని ఆ పరదా మీద ఆమె చెయ్యి చాచింది. టెంట్ హౌస్ అతను వాసన చూసి, "మంచిగున్నది" అన్నాడు. అవ్వకు అప్పుడు అర్థమైంది. "అయ్యో బిడ్డా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆమె వడ్డించింది. ఇద్దరూ తిన్నారు. నేను కింద మట్టిలో కూర్చుని నా మోకాళ్లు గట్టిగా పట్టుకున్నాను. చేతిలో కాగితం లేదు.

అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. చప్పట్లు లేవు. ఎవరూ లేవలేదు. అప్పుడు అతను బండి దగ్గర నుంచి నడిచి వచ్చాడు. నేరుగా పరదా మీదికి వచ్చి, వంగి, ఇంకా మండుతున్న స్టవ్వు ఆర్పాడు. సిలిండరు మర కూడా తిప్పాడు. ఆమె వైపు చూడకుండానే అన్నాడు:

"గ్యాస్ బంద్ జెయ్యాలె గదా. లీకైతె నాకు తెల్వదు ఇగ. నువ్వే సూస్కోవాలె."

"సూస్కుంట" అంది.

అంతే. వాళ్లిద్దరి మధ్య ఆ సంగతి అంతే. నా నాలుగు పేజీల్లో ఒక్క మాట కూడా ఈ మాట పక్కన నిలవదు. నలభై నిమిషాలు కావాలన్నవాళ్లను, సందేశం ఏదన్నవాళ్లను ఆ చేపల వాసన మధ్య ఎండలో కూర్చోబెట్టి ఇది చూపించాలని ఉంది. వాళ్లు రారు. వచ్చినా ముందు శాలువా ఎవరికని అడుగుతారు.

సాయం చేసినవాళ్లను పేరుపేరునా తలుచుకోవడం మర్యాద. పేర్లు రాయలేను కనుక మనుషుల్నే చెప్పి దండం పెడతాను. బీరువా తలుపు మోకాలితో తెరిచిన అటెండరుకు. మధ్యాహ్నం పూట ఫ్యాను నా బల్ల వైపు తిప్పే, గ్రంథాలయం చూసుకునే అమ్మకు. నాలుగు పేజీలు కంఠస్థం చేసి, ఒక్క తల ఊపుకు వాటిని మింగేసిన టెంట్ హౌస్ అన్నకు. పరాయి బృందం మనిషి కోసం లేచి నిలబడ్డ ఆ ముసలి నటుడికి. ముక్కు లేదారా అని అరిచి, తర్వాత కొంగు అడ్డం పెట్టుకున్న అవ్వకు. సిలిండరు తెచ్చిన ఆయనకు.

ఆఖరున ఆమెకు. ఇదంతా రాశాక చేపల దగ్గరే చదివి వినిపించాను. ఒక్క చోట ఆపింది. "ఆయన కండ్లు తుడుసుకున్నడని రాసినవ్. తుడుసుకోలే. కొట్టెయ్" అంది. కొట్టేశాను.